సగం సాక్ష్యం

ఎనభైల చివర్లో, వేసవి సెలవులయ్యి బడి తెరిచిన వారంలోనే, సికింద్రాబాద్‌లోని మా మిషన్ బాలికల హైస్కూలుకు నన్ను ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. ఇన్‌చార్జి అంటే ఏమిటో తెలియనివారికి చెప్తాను. హెడ్‌మిస్ట్రెస్‌కి పడాల్సిన చీవాట్లన్నీ పడతాయి, గౌరవం మాత్రం అసలావిడ వచ్చేదాకా వాయిదా ఉంటుంది. నాది తెనాలి. లెక్కల టీచరుగా ఇక్కడికొచ్చి అప్పటికే చాలా ఏళ్ళయినా స్టాఫ్ రూములో నేను "ఆంధ్రా మేడమ్"నే. కొంచెం గట్టిగా మాట్లాడతానని కూడా పేరుంది. ఆ పేరు నేనేమీ పోగొట్టుకోలేదు.

మా బడిలో ఉద్యోగాలు రెండు రకాలు. ఎయిడెడ్ పోస్టయితే జీతం ప్రభుత్వానిది, నియామకానికి జిల్లా విద్యాశాఖాధికారి ఆమోదం కావాలి. మేనేజ్‌మెంట్ పోస్టయితే అంతా యాజమాన్యం ఇష్టం. యాజమాన్యం అంటే కరస్పాండెంటు. పత్రికా విలేఖరి అనుకునేరు, కాదు. మిషన్ బళ్ళ తరఫున ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే పెద్దని మేం అలా పిలుస్తాం. మామూలుగా చర్చి పాస్టరుగారే ఆ పదవిలో ఉంటారు. మాకు రెవరెండ్ దయానందంగారు ఉండేవారు. ఆయన్ని అందరూ అయ్యగారు అనేవాళ్ళం. చాలా మంచి మనిషి. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్ళు ఎదుటివాళ్ళు కూడా తమలాగే ఉంటారని గట్టిగా నమ్ముతారు.

సంగీతం టీచరుది మేనేజ్‌మెంట్ పోస్టు. అంతకుముందు ఏడాది పాత టీచరు రిటైరైతే, నేను ఇన్‌చార్జి కాగానే ఆ స్థానంలో టెంపరరీగా గ్రేస్ వసంత అనే అమ్మాయిని నేనే సిఫారసు చేసి పెట్టించాను. మారేడ్‌పల్లి పిల్ల. తల్లితో ఉండేది. తండ్రి రైల్వేలో చేసి పోయాడు. పియానో వాయిస్తుంది, స్వరం బాగుంటుంది, మా చర్చి సభ్యురాలు. ఇంకేం కావాలి? ఆ అమ్మాయి శనివారాలు ఒక రాక్ బ్యాండులో గిటారు వాయిస్తూ పాడుతుందనీ, ఆ బ్యాండు బొల్లారంలో ఒక పాత గ్యారేజీలో ప్రాక్టీసు చేస్తుందనీ, అక్కడి కుక్కలు కూడా అలవాటుపడిపోయాయనీ నాకు తర్వాత తెలిసింది. తెలిశాక నేను చేసిందేమీ లేదు. ఎందుకంటే అప్పటికే నా ఉదయం అసెంబ్లీ బాగుపడింది.

అదెలాగంటే, మా ప్రార్థన గీతం అంతకుముందు సాగుతూ సాగుతూ మొదటి పీరియడులోకి వచ్చేసేది. వెనక వరుసల్లోని పెద్దపిల్లలు పెదవులు మాత్రమే కదిపేవారు. గ్రేస్ వచ్చిన నెలలోనే ఆ పాట నడక మార్చేసింది. పదాలు అవే, బాణీ అదే, కాలు మాత్రం నేల మీద టకటకమనేది. పెదవులు కదిపే బాపతు పిల్లలు గొంతెత్తి పాడటం మొదలుపెట్టారు. పాట తొందరగా అయ్యేది, నా లెక్కల క్లాసు టైముకు మొదలయ్యేది. హెడ్‌మిస్ట్రెస్‌కి ఒక టీచరు నుంచి ఇంతకంటే కావలసిందేముంది చెప్పండి.

ఏడాది గడిచింది. టెంపరరీ పోస్టుకి గడువు అంతే. ఇక పర్మనెంటు చెయ్యాలి, లేదా పంపించెయ్యాలి. నియామకపు కమిటీ కూర్చుంటుందని చెప్పగానే గ్రేస్ వరండాలో నన్ను ఆపింది.

"మేడమ్, ఈ నౌకరీ పక్కా అయితే ఇక్కడ్నే ఉంట. కాకపోతే బెజవాడ పోవాలె. మా మామయ్యది లారీ ఆఫీసు ఉంది, ఆడ టైపు కొట్టుకుంట కూసోవాలె. బ్యాండు ఖతం, పాట ఖతం. జెర చూడండి మేడమ్."

ఎప్పుడూ నవ్వుతూ తుళ్ళుతూ ఉండే పిల్ల అలా బతిమాలడం నేనప్పుడే చూశాను. "నీకెందుకే భయం, నేనున్నాను కదా" అన్నాను. ఇన్‌చార్జి కుర్చీలో కూర్చుని అలాంటి హామీలు ఇవ్వకూడదు.

సరిగ్గా ఆ వారమే ఒక ఇంగ్లీషు పత్రిక నగరం పేజీలో గ్రేస్ ఫొటో వేసి ఇంటర్వ్యూ అచ్చేసింది. సికింద్రాబాద్‌లో రాక్ పాడే అమ్మాయి అంటే వాళ్ళకి వింత. విలేఖరి మతం గురించి అడిగాడు, స్త్రీవాదం గురించి అడిగాడు, రాజకీయాల గురించి అడిగాడు. సంగీతం గురించి మాత్రం చివర్లో ఒక ముక్క అడిగాడు. ఈ పిల్ల అన్నిటికీ జవాబు చెప్పింది. శీర్షిక ఇలా పెట్టారు: "దేవుడి విషయంలో నాకు తొందర లేదు."

తొందర లేదట! ఆ పేపరు చదువుతుంటే తాగుతున్న కాఫీ పొలమారింది.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షులు అయ్యగారు. కోశాధికారి మేజర్ సామ్యూల్‌గారు, సైన్యం నుంచి రిటైరై సైనిక్‌పురిలో ఉండేవారు. మూడోవారు సుగుణమ్మగారు, చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలు. హెడ్‌మిస్ట్రెస్‌ని కాబట్టి నేను కూడా కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. పేపరు కటింగు బల్ల మీద ఉంది. అయ్యగారు ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకొచ్చారు. ముగ్గురూ ప్రశ్నలు ముందే పంచుకున్నారని నాకు అర్థమైంది. మతం అయ్యగారిది, ఆడవాళ్ళ సంగతి సుగుణమ్మగారిది, రాజకీయం మేజరుగారిది.

గ్రేస్ వచ్చి ఎదురుగా కూర్చోగానే మేజరుగారే మొదలుపెట్టారు. "అమ్మాయ్, స్ట్రెయిట్‌గా చెప్పు. నీది ఏ పార్టీ?"

"ఏదీ లేదు సార్. ఒకసారి ఒక పార్టీ మీటింగుల వాయించినం. లీడరు వచ్చేదాక పబ్లిక్‌ని కూసోబెట్టాలె అన్నరు. మాకు వచ్చిన పాటలన్నీ వాయించినం, మల్ల మొదటి నుంచి షురూ చేసినం. సాయంత్రం అయినంక వచ్చిండు. వచ్చుడు వచ్చుడే, యువత సమయం విలువ తెలుసుకోవాలె అన్నడు. గప్పటిసంది ఏ పార్టీకి వాయిస్తలేం."

"మరి ఓటు?"

"ఓటు తప్పక వేస్త సార్. ఎవరికన్నది మా అమ్మకు సుత చెప్ప."

మేజరుగారికి జీవితంలో రెండే విషయాలు గిట్టవు, ఆలస్యంగా రావడం, రహస్యం బయటపెట్టడం. "వెరీ గుడ్" అని కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన వంతు అయిపోయింది. నాకు కొంచెం ఊపిరాడింది.

సుగుణమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏమ్మా, నువ్వు ఫెమినిస్టువంట కదా? పేపర్లో రాశారు. పెళ్ళి వద్దంటావా, మగాళ్ళంటే పడదా, ఏమిటి సంగతి?"

"మగోళ్ళతోని నాకేం తక్లీఫ్ లేదమ్మా. మా బ్యాండుల నేను తప్ప అందరు మగోళ్ళే. ఆంప్లిఫయరు అందరితో సమానంగ నేను సుత మోస్త. చాయ్ మాత్రం నేనొక్కదాన్నే పెట్ట. వంతులు వేసుకున్నం. అంతే నాది." అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. "మన చర్చిల ఊడ్చేది ఆడోళ్ళు, పూలు పెట్టేది ఆడోళ్ళు, ప్రేమవిందుకు వండేది ఆడోళ్ళు. కానుక పళ్ళెం పట్టుకొని తిరగనీకె మాత్రం మగోళ్ళే కావాలె. ఎందుకమ్మా? పళ్ళెం ఏమన్న బరువా?"

నేను బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కుదామని చూశాను, అందలేదు. సుగుణమ్మగారు కిటికీలోంచి చర్చి వైపు చూశారు. తర్వాత, "నాకింకేం ప్రశ్నల్లేవు అయ్యగారూ" అన్నారు. అది మంచికో చెడుకో నాకు అంతుబట్టలేదు.

మిగిలింది అయ్యగారు. మా మిషన్ సంస్థల్లో ఏ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయినా ఒక ప్రశ్న తప్పదు: "నీ సాక్ష్యం చెప్పు." కోర్టు సాక్ష్యం కాదిది. దేవుడు నీ జీవితంలో ఏం చేశాడో నలుగురి ముందు చెప్పడం. దీనికో వరస ఉంది, ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. మొదటి సగంలో నేను పాపిని, తాగాను, తిరిగాను, దేవుణ్ణి లెక్కచెయ్యలేదు అని చెప్పాలి. ఇది ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. తర్వాత "అయితే ఒకరోజు" అనాలి. అక్కణ్ణుంచి రెండో సగం, వెలుగు, కన్నీళ్ళు, మారిన బతుకు. ఆఖర్న జనం "ఆమేన్" అంటారు. మేం పుట్టినప్పటి నుంచి ఇవి వింటూ పెరిగినవాళ్ళం. కాబట్టి ఎవరైనా "నేను ప్రార్థన చెయ్యను" అంటే మాకు కంగారు పుట్టదు. ఓహో, మొదటి సగంలో ఉన్నారు అనుకుని సర్దుకుని కూర్చుంటాం.

అయ్యగారూ అలాగే సర్దుకుని కూర్చున్నారు.

"పదహారేళ్ళప్పటిసంది నేను ప్రార్థన చేస్తలేను అయ్యగారూ" అంది గ్రేస్. "ఆదివారం చర్చికి వస్త, పాడత. ప్రార్థన మాత్రం నోట్లకు రాదు. దేవుడు ఉన్నడో లేడో నాకు పక్కాగ తెల్వదు."

అయ్యగారు ఆనందంగా తల ఊపారు. "చెప్పమ్మా, చెప్పు. ఆ తర్వాత?"

"తర్వాత గిటారు నేర్చుకున్న."

"సరే, సరే. ఆ తర్వాత?"

"బ్యాండు పెట్టినం."

"అదీ అయింది. అయితే ఒకరోజు..." అని ఆయనే అందించారు.

గ్రేస్ నా వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు చూసింది. "ఒకరోజు ఏం కాలేదు అయ్యగారూ. గంతే."

నేను తల పట్టుకున్నాను. అయ్యగారు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ పిల్ల సిగ్గుపడి ఆగిపోయిందనీ, చిన్నగదిలో ముగ్గురు పెద్దవాళ్ళ ముందు మనసు విప్పలేకపోయిందనీ ఆయన నిశ్చయానికొచ్చారు. సగం సాక్ష్యం అనేది ఒకటుంటుందని ఆయన బుర్రకి తట్టనే లేదు. "పర్లేదమ్మా. వచ్చే ఆదివారం ఆరాధనలో సంఘం ముందు పూర్తిగా చెప్పు. అది వినేసి ఆరోజే ఉత్తర్వు మీద సంతకం పెట్టేద్దాం" అన్నారు. మిగతా ఇద్దరూ తలూపారు. కమిటీ లేచిపోయింది.

నేను గ్రేస్‌ని నా గదిలోకి లాక్కెళ్ళి తలుపేశాను. "చూడవే, ఒక్క ముక్క. అయితే ఒకరోజు నేను వెలుగు చూశాను. ఇంతే. ఎక్కడ, ఎప్పుడు అని ఎవ్వరూ అడగరు. ఆమేన్ అనేసి ఇళ్ళకెళ్ళి అన్నాలు తింటారు. నీ ఉద్యోగం నీకుంటుంది" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "ఏందీ మేడమ్, చర్చిల నిలబడి అబద్ధం చెప్పమంటరా?"

నేను రోజూ పొద్దున్నే మోకరించే మనిషిని. దేవుడు ఉన్నాడో లేడో తెలియదనే పిల్ల నాకు దేవుడి ఇంట్లో అబద్ధమాడకూడదని చెప్తోంది! ఒళ్ళు మండిపోయింది. "అయితే బెజవాడ పోయి లారీల లెక్కలు టైపు చేసుకో, పో" అన్నాను. నేనిచ్చిన సలహా తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ ఉద్యోగం ఆ పిల్లకి కావాలి, ఆ పిల్ల నాకు కావాలి.

గ్రేస్ కళ్ళు తుడుచుకుని, "పోత మేడమ్, ఏం జేస్త మరి" అని వెళ్ళిపోయింది. ఆ వారమంతా అసెంబ్లీలో పాట మళ్ళీ సాగింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పేపరు చదివినవాళ్ళు, చదవకపోయినా విన్నవాళ్ళు అందరూ వచ్చారు. గ్రేస్ బ్యాండు డ్రమ్మరు అఫ్జల్ కూడా వచ్చాడు. ప్రార్థనాలయం కదా అని మర్యాదగా తల మీద కర్చీఫు కప్పుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ప్రకటనలు అయ్యాయి. ప్రసంగానికి ముందు అయ్యగారు, "మన సహోదరి గ్రేస్ వసంత ఇప్పుడు తన సాక్ష్యం ఇస్తుంది" అన్నారు.

తెల్లచీర కట్టుకొచ్చింది. స్టేజీల మీద వేలమంది ముందు పాడే పిల్ల, మైకు దగ్గర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

"అందరికీ వందనాలు. నా బాప్తిస్మం ఈ చర్చిలనే అయింది. సండే స్కూలు ఈడనే. మా నాయన దవాఖానల ఉన్నప్పుడు నేను రోజూ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసిన. నాయన దక్కలేదు. అప్పటిసంది నాకు ప్రార్థన రాలే. పాట వచ్చింది. పాడుతున్నప్పుడు ఒక్కోసారి ఎవరో ఇంటున్నరనిపిస్తది. అది దేవుడా, కాదా, నాకు తెల్వదు. తెల్వనిది తెలుసని చెప్తే మా నాయన ఊకోడు." ఆగింది. "దీని తర్వాత ఇంకో ముక్క చెప్పుమని మా మేడమ్ అన్నరు. అది జరగలే. జరిగిన్నాడు వచ్చి చెప్త. వందనాలు."

సంఘమంతా తలతిప్పి నన్ను చూసింది. అమ్మ బాబోయ్! బెంచీ కింద దూరిపోవాలనిపించింది.

ఆమేన్ ఎక్కడనాలో ఎవరికీ తెలియలేదు.  గ్రేస్ మైకు దగ్గరే నిలబడి ఉంది. దిగిపోవచ్చో లేదో ఆమెకీ తెలియలేదు. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఆనందరావుగారు లేచారు. రైల్వేలో గార్డుగా చేసిన పెద్దాయన. ఆయన సిగరెట్లు మానేసిన సాక్ష్యం మా చర్చిలో ప్రసిద్ధం, ప్రతి ఏడూ కొత్తసంవత్సరం ఆరాధనలో చెప్పేవారు. మాకు నోటికొచ్చు.

"నాది కూడా సగమే" అన్నారాయన. "మానలేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక..."

"నాకు తెలుసులెండి" అంది ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య.

చర్చిలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఆ నవ్వు ఆగకముందే మేజరుగారు అటెన్షన్‌లో లేచి నిలబడ్డారు. "బ్రదర్స్ అండ్ సిస్టర్స్. నా టెస్టిమొనీలో యుద్ధరంగం, గుండు దెబ్బ, బైబిలు అడ్డుపడటం అన్నీ ఉంటాయి. అవి మా అన్నయ్యవి. నాకెప్పుడూ ఏమీ జరగలేదు. నేను సప్లైస్‌లో, రేషన్ గోడౌన్‌లో చేశాను. థాంక్యూ." కూర్చున్నారు. ముఖం కందగడ్డలా అయింది, కానీ ఏదో బరువు దించుకున్న మనిషిలా కాళ్ళు చాపుకున్నారు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో మాట్లాడుకోని తోడికోడళ్ళు తాము కలిసిపోయామని సాక్ష్యంలో చెప్పినది ఇంకా జరగలేదన్నారు. అయ్యగారు ప్రసంగం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, మధ్యలో దొరికిన సందులో కీర్తన ఎత్తుకున్నారు. అలా ఎత్తుకోకపోతే సాయంత్రం దాకా సాగేది.

కానుకల సమయం వచ్చింది. పళ్ళెం పట్టుకునే ఆయన వచ్చేలోపలే సుగుణమ్మగారు లేచి, ముందుకెళ్ళి, పళ్ళెం అందుకుని మగవాళ్ళ వైపు నడిచారు. ఆయన నోరెళ్ళబెట్టి ఆవిడ వెనకే ఖాళీ చేతులతో తిరిగాడు.

ఆరాధన అయ్యాక పక్కగదిలో కమిటీ కూర్చుంది. గ్రేస్ వరండాలో తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అయ్యగారు ఉత్తర్వు కాగితం బల్ల మీద పెట్టారు. ఆయన్ని అంత అలసటగా నేనెన్నడూ చూడలేదు. చివరికి అన్నారు: "నియమం ప్రకారం సాక్ష్యం పూర్తికానివారిని తీసుకోకూడదు. కానీ ఆ నియమం నియమించేవారికీ వర్తిస్తుంది కదా. వర్తిస్తే మేజరుగారు కమిటీలోంచి లేవాలి. మేజరుగారు లేస్తే సుగుణమ్మగారూ, నేనూ మిగులుతాం."

"నేనూ లేస్తానండీ" అన్నారు సుగుణమ్మగారు నెమ్మదిగా.

కోరం అంటే కమిటీ నిర్ణయం చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య. మాకది ఇద్దరు. అయ్యగారు కోరం లెక్క వేసుకున్నారు, కుదరలేదు. ఇక ఆ నియమాన్నే పక్కన పెట్టి, కలం తీసి నియామక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. మిగతా ఇద్దరూ పెట్టారు.

వాళ్ళు వెళ్ళాక ఆయన కాసేపు అక్కడే కూర్చున్నారు. "ఆ పిల్ల తండ్రిని సమాధి చేసింది నేనేనమ్మా" అన్నారు. "చిన్న వయసులో పోయాడు. ఆరోజు నాకూ ప్రార్థన సరిగా రాలేదు. పుస్తకంలో ఉన్నది చదివేశాను." నాకు ఏడుపొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌ని కదా అని ఆపుకుని, ఉత్తర్వు తీసుకెళ్ళి గ్రేస్ చేతిలో పెట్టాను. ఆ పిల్ల చదువుకుని, అఫ్జల్‌ని పిలిచి, చర్చి మెట్ల మీదే గెంతింది. తెల్లచీరలో గెంతడం ఏమిటని అక్కడే చీవాట్లు పెట్టాను.

తర్వాత నేను పర్మనెంటు హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఎన్నో ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. అభ్యర్థిని దేవుడి గురించీ, ఆడవాళ్ళ గురించీ, పార్టీల గురించీ అడగడం మానేసి, పిల్లల ముందు నిలబెట్టి ఒక పాఠం చెప్పించడం మొదలుపెట్టాను. అభిప్రాయాలు అడిగితే మనకు నచ్చేవి చెప్తారు, పాఠం చెప్పమంటే వచ్చినంతే చెప్తారు. ఇది ఆ ఆదివారం నేర్పిందే. ఇంకొకటి కూడా నేర్పింది. నిజం చెప్పే మనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటే, ఆ మనిషి మన స్టాఫ్ మీటింగుల్లో కూడా నిజమే చెప్తుంది. నా టైంటేబులు బాగా లేదని, నా ఉపన్యాసం పొడుగైందని, ఆంధ్రా మేడమ్‌కి తెలంగాణ పిల్లల మాటంటే చిన్నచూపని. రిటైరయ్యేదాకా ఆ ఇబ్బంది పడ్డాను. చెప్పినవాటిలో సగానికి పైగా సరిదిద్దుకున్నాను.